బి.యస్సీ. నర్సింగ్ ప్రవేశాలు

బి.యస్సీ. నర్సింగ్ అనేది ఇంటర్మీడియట్ తరువాత చదువదగిన నాలుగు సంవత్సరాల విశ్వవిద్యాలయ పట్టా కోర్సు. భారతదేశంలో నర్సుగా నమోదై పనిచేయుటకు అర్హతనిచ్చే చదువులలో ఇది ఒకటి. ఈ కోర్సు ప్రవేశాలను ఆంధ్ర ప్రదేశ్‌లో విజయవాడలోని డా. ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం నిర్వహిస్తాయి. కన్వీనరు కోటా సీటు కోరే విద్యార్థి కళాశాలకు కాక నేరుగా విశ్వవిద్యాలయానికే దరఖాస్తు చేసుకొనవలెను. ఏ కళాశాలలో సీటు వచ్చేదీ ర్యాంకు, స్థానికత, రిజర్వేషన్, విద్యార్థి పెట్టుకున్న ఐచ్ఛికాల క్రమము కలసి నిర్ణయిస్తాయి. ఈ వ్యాసంలో ప్రధానంగా ఈ రెండు రాష్ట్రాలలోని పద్ధతి వివరించబడినది.

నేపథ్యం

భారతదేశంలో నర్సింగులో పట్టా స్థాయి చదువు 1946లో ఢిల్లీలోను, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలోను ప్రారంభమైనది. మరుసటి సంవత్సరం వచ్చిన 1947 నాటి భారత నర్సింగ్ మండలి చట్టం కింద దేశమంతటికీ ఒకే ప్రమాణాలను నిర్ణయించే భారత నర్సింగ్ మండలి ఏర్పడినది. పాఠ్యప్రణాళిక, కనీస అర్హతలు, కళాశాలకు ఉండవలసిన వసతులు ఈ మండలి నిర్ణయిస్తుంది. ఈ 1947 చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, ప్రసూతి సేవల కమిషన్‌ను ఏర్పరచుటకు 2023 ఆగస్టులో పార్లమెంటు కొత్త చట్టం చేసినది.

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 1986లో ప్రత్యేకంగా ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత వైద్య, దంత వైద్య కళాశాలలతో పాటు నర్సింగ్ కళాశాలలు కూడ దాని అనుబంధంలోకి వచ్చినవి. 1998లో ఈ విశ్వవిద్యాలయానికి ఎన్.టి.ఆర్. పేరు పెట్టారు. 2022లో దీనిని డా. వై.యస్.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయంగా మార్చి, 2024లో తిరిగి పాత పేరునే పునరుద్ధరించారు. అందువలన కొద్ది సంవత్సరాల తేడాతో చదివిన అక్కాచెల్లెళ్ళ పట్టాల మీద వేర్వేరు పేర్లు కనిపించవచ్చును. విశ్వవిద్యాలయం మాత్రం ఒక్కటే. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ కొరకు 2014లో కాళోజీ పేరిట వేరొక ఆరోగ్య విశ్వవిద్యాలయం నెలకొల్పబడినది.

ఇతర నర్సింగ్ కోర్సులతో తేడా

పల్లెలలో నర్సమ్మ అని పిలువబడే ఏ.ఎన్.ఎం. చదివినది రెండు సంవత్సరాల సహాయక నర్సు, ప్రసూతి కోర్సు. ఆసుపత్రి వార్డులలో సిస్టరు అని పిలువబడే వారిలో చాలామంది చదివినది మూడు సంవత్సరాల జి.ఎన్.ఎం. డిప్లొమా. జి.ఎన్.ఎం. కోర్సుకు ఇంటర్మీడియట్‌లో విజ్ఞాన శాస్త్రాలు తప్పనిసరి కాదు, ఆర్ట్సు విద్యార్థులు కూడ చేరవచ్చును. బి.యస్సీ. నర్సింగుకు మాత్రం బై.పి.సి. చదివి ఉండవలెను. జి.ఎన్.ఎం. పూర్తిచేసిన వారు తరువాత రెండు సంవత్సరాల పోస్ట్ బేసిక్ బి.యస్సీ. నర్సింగ్ చదివి పట్టా పొందే అవకాశం ఉన్నది. కనుక బై.పి.సి. లేనందున పట్టాకు దారి పూర్తిగా మూసుకుపోయినట్లు కాదు, ఒక సంవత్సరం ఎక్కువ పట్టును.

ఎం.యస్సీ. నర్సింగ్ చదువుటకు, నర్సింగ్ కళాశాలలో అధ్యాపకత్వానికి పట్టా అవసరము.

అర్హతలు

భారత నర్సింగ్ మండలి నిబంధనలు 2021లో సవరించబడినవి. వీటి ప్రకారం ప్రవేశం పొందే సంవత్సరం డిసెంబరు 31 నాటికి విద్యార్థికి 17 సంవత్సరాలు నిండవలెను. ఇంటర్మీడియట్ లేదా తత్సమాన పరీక్షలో భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలలో మొత్తం మీద కనీసం 45 శాతం మార్కులు రావలెను. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఇది 40 శాతం. ఇంగ్లీషులో వేరుగా ఉత్తీర్ణులు కావలెను. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటున్నది. ఇంటర్మీడియట్ మొత్తం మార్కుల శాతాన్ని కాక మూడు విజ్ఞాన శాస్త్రాల మార్కులను మాత్రమే కలిపి లెక్కిస్తారు. భాషలలో వచ్చిన మంచి మార్కులు ఈ లెక్కకు ఉపకరించవు. మన రాష్ట్రాలలో వృక్ష శాస్త్రం, జంతు శాస్త్రం రెండూ కలిసి జీవ శాస్త్రంగా పరిగణించబడతాయి.

ఓపెన్ స్కూలు ద్వారా ఈ పాఠ్యాంశాలతోనే ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులైన వారు కూడ అర్హులే. వృత్తి విద్యా కోర్సులు చదివినవారు సంబంధిత బ్రిడ్జి కోర్సు పూర్తిచేసినదీ లేనిదీ ప్రవేశ ప్రకటనతో సరిచూసుకొనవలెను. విద్యార్థి శారీరకంగా ఆరోగ్యవంతుడైనట్లు వైద్యుని ధ్రువపత్రం కావలెను. వివాహితులకు నిషేధం లేదు.

నర్సింగ్ ఆడవారి చదువు అనే అభిప్రాయం బలంగా ఉన్నది గాని మండలి నిబంధనల ప్రకారం పురుషులు కూడ అర్హులు. అయితే కొన్ని సంస్థలు తమ సీట్లను మహిళలకే పరిమితం చేస్తాయి. దరఖాస్తు రుసుము చెల్లించుటకు ముందే అబ్బాయిలు ఈ విషయం ప్రకటనలో చూసుకొనుట మంచిది.

ప్రవేశ పరీక్ష

చాలా కాలము వరకు రెండు రాష్ట్రాలలోనూ ఇంటర్మీడియట్ మార్కుల ఆధారంగానే సీట్లు కేటాయించేవారు. 2021 నిబంధనలు ప్రవేశ పరీక్షను తప్పనిసరి చేసినవి. మండలి సూచించిన పరీక్ష 100 మార్కులకు ఉంటుంది. భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం, జీవ శాస్త్రం, ఇంగ్లీషు, నర్సింగ్ అభిరుచి అనే అయిదు భాగాలకు ఒక్కొక్కదానికి 20 మార్కులు. దీనిలో జనరల్ అభ్యర్థులు 50వ పర్సెంటైలు, బి.సి., ఎస్.సి., ఎస్.టి. అభ్యర్థులు 40వ పర్సెంటైలు సాధించవలెను.

పర్సెంటైలు అనగా శాతం కాదు. 50వ పర్సెంటైలు అంటే పరీక్ష వ్రాసిన వారిలో సగం మంది కంటె తక్కువ కాని స్థానం. ప్రశ్నపత్రం కఠినంగా ఉన్న సంవత్సరం నూటికి ముప్పై మార్కులు వచ్చినవారు కూడ ఆ స్థానంలో ఉండవచ్చును. యాభై మార్కులు రాలేదు కనుక అర్హత లేదని తామే నిర్ణయించుకొని దరఖాస్తు మానివేయుట సరి కాదు. సీట్లు మిగిలిపోయినప్పుడు ఈ కనీస పర్సెంటైలును సడలించిన సందర్భాలు కూడ ఉన్నవి. మొదటి విడత జాబితాలో లేనివారు ప్రవేశాలు ముగిసేవరకు విశ్వవిద్యాలయ ప్రకటనలను గమనిస్తూ ఉండవలెను.

తెలంగాణలో 2022 నుండి ఎంసెట్ బై.పి.సి. ర్యాంకు ఆధారంగా ఈ ప్రవేశాలు జరుగుచున్నవి. ఈ పరీక్షకు 2024లో టి.జి. ఈఏపీసెట్ అని పేరు మారినది. మూడు గంటలలో 160 ప్రశ్నలకు కంప్యూటరు మీద సమాధానాలు గుర్తించవలెను. వృక్ష శాస్త్రం, జంతు శాస్త్రం, భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం ఒక్కొక్కదాని నుండి 40 ప్రశ్నలు వస్తాయి. తప్పు సమాధానానికి మార్కులు తగ్గించరు. ప్రశ్నలు ఇంగ్లీషుతో పాటు తెలుగులో కూడ ఉంటాయి. మండలి సూచించిన నమూనాలోని ఇంగ్లీషు, నర్సింగ్ అభిరుచి భాగాలు ఇందులో లేవు. ఫార్మసీకి, వ్యవసాయ కోర్సులకు వ్రాసే పరీక్షే నర్సింగుకు కూడ సరిపోతుంది కనుక విద్యార్థికి ఒక పరీక్ష ఖర్చు తగ్గును. కాని ఈఏపీసెట్ దరఖాస్తు గడువు ఇంటర్మీడియట్ ఫలితాలకు ముందే వచ్చును. ఫలితాలు చూసిన తరువాత నర్సింగ్ చదువుదామనుకొనే విద్యార్థి అప్పటికే ఆ సంవత్సరపు అవకాశం కోల్పోయి ఉంటాడు. గ్రామీణ కళాశాలలలో ఈ నష్టం ఎక్కువగా జరుగుతుంది. బై.పి.సి. చదివే ప్రతి విద్యార్థి రెండవ సంవత్సరంలోనే ఈ పరీక్షకు దరఖాస్తు చేసుకొనవలెను.

ఆంధ్ర ప్రదేశ్‌లో పరీక్ష విధానం 2021 తరువాత మారుతూ వచ్చినది. ఆ సంవత్సరం ఏ పరీక్ష ర్యాంకును పరిగణించేదీ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం విడుదల చేసే ప్రకటనలో ఉంటుంది. ముందటి సంవత్సరం చేరినవారు చెప్పిన మాట మీద ఆధారపడరాదు.

దరఖాస్తు, ధ్రువపత్రాలు

ప్రవేశ పరీక్షకు చేసిన దరఖాస్తు, సీటు కొరకు చేసే దరఖాస్తు రెండూ వేరు. ర్యాంకు వచ్చినంత మాత్రాన పేరు ప్రతిభా జాబితాలో చేరదు. ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రకటన ఇచ్చిన తరువాత దాని వెబ్‌సైటులో మరల నమోదు చేసుకొని, రుసుము చెల్లించి, ధ్రువపత్రాలను స్కాన్ చేసి పంపవలెను. వాటిని పరిశీలించిన తరువాత తాత్కాలిక జాబితా, అభ్యంతరాల పిదప తుది జాబితా వెలువడతాయి.

పదవ తరగతి మార్కుల పత్రం పుట్టినతేదీకి ఆధారం. దానితో పాటు ఇంటర్మీడియట్ మార్కుల పత్రం, ప్రవేశ పరీక్ష ర్యాంకు కార్డు, బదిలీ పత్రం, 6వ తరగతి నుండి ఇంటర్మీడియట్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, ఫొటో, సంతకం అవసరమవుతాయి. ఆర్థికంగా వెనుకబడిన వర్గాల కోటా కోరేవారు ఆ ధ్రువపత్రాన్ని చెల్లుబాటు గడువులో ఉన్నదే జతపరచవలెను. కుల, ఆదాయ పత్రాలకు తహసీలుదారు కార్యాలయంలో రోజులు పట్టును. ప్రకటన వచ్చిన తరువాత దరఖాస్తుకు ఉండే గడువు చాలా తక్కువ. అందుచేత పరీక్షా ఫలితాల కొరకు ఎదురుచూసే కాలంలోనే ఈ పత్రాలు తెచ్చుకొనుట శ్రేయస్కరం. పదవ తరగతి పత్రంలోని పేరు, ఆధార్‌లోని పేరు ఒకే విధంగా ఉన్నవో లేవో అప్పుడే చూసుకొనవలెను. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరొకచోట పూర్తిగా ఉండుట తెలుగువారి పత్రాలలో సర్వసాధారణం.

స్థానికత

స్టడీ సర్టిఫికెట్లు 6వ తరగతి నుండి ఎందుకు అడుగుతారో చాలామందికి తెలియదు. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ఉమ్మడి రాష్ట్రాన్ని ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల పేరిట మూడు స్థానిక ప్రాంతాలుగా విభజించి, 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించినది. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు సంవత్సరాలు, అంటే 9వ తరగతి నుండి ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం వరకు, ఒకే ప్రాంతంలో చదివినవారు అక్కడి స్థానికులు. ఆ నాలుగేళ్ళు ఒకేచోట చదవనివారికి వెనుకకు ఏడు సంవత్సరాలు లెక్కించి, ఎక్కువ కాలం ఎక్కడ చదివితే ఆ ప్రాంతపు స్థానికులుగా పరిగణిస్తారు. ఏడు సంవత్సరాలు వెనుకకు లెక్కిస్తే 6వ తరగతికి చేరుతుంది.

ఈ లెక్కలో పుట్టిన ఊరు, తల్లిదండ్రుల సొంత ఊరు రావు. కర్నూలు జిల్లా విద్యార్థిని ఇంటర్మీడియట్ కొరకు విజయవాడ వెళ్ళినచో నాలుగు సంవత్సరాల నిబంధన తప్పిపోతుంది. 6వ తరగతి నుండి పదవ తరగతి వరకు కర్నూలులోనే చదివినందున ఏడేళ్ళ లెక్కలో ఆమె శ్రీ వేంకటేశ్వర ప్రాంతపు స్థానికురాలే అవుతుంది. కాని దానిని రుజువు చేయుటకు పాత పాఠశాల ఇచ్చిన స్టడీ సర్టిఫికెట్లు చేతిలో ఉండవలెను. పాఠశాల మూతబడినట్లయితే మండల విద్యాధికారి కార్యాలయాన్ని ఆశ్రయించవలసి వచ్చును.

రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టం పది సంవత్సరాల వరకు ఉమ్మడి ప్రవేశ విధానాన్ని కొనసాగించినది. ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసినది. అంతకు ముందు ఒక రాష్ట్రపు విద్యార్థి రెండవ రాష్ట్రంలోని 15 శాతం అన్‌రిజర్వుడు సీట్లకు పోటీపడేవాడు. అటు తరువాత రెండు రాష్ట్రాలూ తమ నిబంధనలను వేర్వేరుగా రూపొందించుకొనుచున్నందున, ఒక రాష్ట్రంలో పుట్టి రెండవ దానిలో చదివిన పిల్లలు తాజా ప్రకటనలోని స్థానికత భాగాన్ని జాగ్రత్తగా చదవవలెను.

రిజర్వేషన్లు

వెనుకబడిన తరగతులకు ఏ నుండి ఇ వరకు అయిదు వర్గాలలో కలిపి 29 శాతం సీట్లు ఉన్నవి. షెడ్యూల్డు కులాలకు 15 శాతం. 2025లో రెండు రాష్ట్రాలలోనూ ఎస్.సి. వర్గీకరణ అమలులోకి వచ్చినందున కుల ధ్రువపత్రంలో ఏ గ్రూపు అనేది ముఖ్యమైనది. మూడు గ్రూపులకు తెలంగాణలో 1, 9, 5 శాతం చొప్పున, ఆంధ్ర ప్రదేశ్‌లో 1, 6.5, 7.5 శాతం చొప్పున పంచబడినవి. షెడ్యూల్డు తెగలకు ఆంధ్ర ప్రదేశ్‌లో 6 శాతం కాగా తెలంగాణలో 2022లో 10 శాతానికి పెంచారు. దివ్యాంగుల కోటాకు మండలి నిబంధనలు కాళ్ళకు సంబంధించిన 40 నుండి 50 శాతం వైకల్యాన్ని మాత్రమే అంగీకరిస్తాయి.

వెబ్ ఐచ్ఛికాలు

తుది జాబితా తరువాత విద్యార్థి తాను కోరుకొనే కళాశాలలను క్రమపద్ధతిలో వెబ్‌సైటులో నమోదు చేయవలెను. పై వరుసలో పెట్టిన కళాశాలలో సీటు దొరికినచో కింది వాటిని చూడరు. కనుక సీటు వచ్చే అవకాశాన్ని బట్టి కాక నిజంగా చేరదలచిన క్రమంలోనే పెట్టవలెను. మంచి కళాశాలను పైన పెట్టినందువలన కింది కళాశాలలో అవకాశం తగ్గిపోదు. ఈ సంగతి తెలియక, ర్యాంకు ఎక్కువగా ఉన్నదని భయపడి ప్రభుత్వ కళాశాలలను అసలే పెట్టనివారు ఉంటారు. చేరుటకు ఏ మాత్రం ఇష్టం లేని కళాశాలను పెట్టుట కూడ ప్రమాదమే. కేటాయింపు వచ్చి చేరకపోతే తరువాతి విడతలకు అర్హత పోవచ్చును.

సీటు వచ్చినవారు విశ్వవిద్యాలయ రుసుము చెల్లించి, కేటాయింపు పత్రం తీసుకొని గడువులోగా కళాశాలలో ఒరిజినల్ ధ్రువపత్రాలు అప్పగించవలెను. వాటికి రసీదు, ఒక జత నకళ్ళు తప్పక దగ్గర ఉంచుకొనవలెను.

కళాశాల ఎంపిక

ప్రవేశ ప్రక్రియలో అన్నింటికంటే తక్కువ సమయం వెచ్చించబడేది, అన్నింటికంటే ఎక్కువ ఫలితం ఉండేది ఇక్కడనే. నర్సింగ్ తరగతి గదిలో వచ్చే విద్య కాదు. ఇంజెక్షను చేయుట, గాయానికి కట్టు కట్టుట, కాన్పు చేయుట, రోగి పరిస్థితి దిగజారుతున్నట్లు గుర్తించుట రోగుల మధ్య తిరిగినప్పుడే వస్తాయి. భారత నర్సింగ్ మండలి ప్రమాణాలు కళాశాలకు 100 పడకల మాతృ ఆసుపత్రి ఉండవలెనని, ఒక్కొక్క విద్యార్థికి ముగ్గురు రోగులు, పదిమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండవలెనని చెబుతాయి. కాగితం మీద పడకలు ఉన్నంత మాత్రాన చాలదు, పడకల మీద రోగులు ఉండవలెను. ఐచ్ఛికాలు పెట్టుటకు ముందు ఒక పనిదినాన ఆ ఆసుపత్రి అవుట్ పేషెంటు విభాగంలో గంటసేపు కూర్చున్న తల్లిదండ్రులకు కరపత్రాలలో కనిపించని సంగతులు తెలుస్తాయి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న కళాశాలకు భవనం పాతదైనా రోగుల కొరత ఉండదు.

కళాశాలకు విశ్వవిద్యాలయ అనుబంధం, రాష్ట్ర నర్సింగ్ మండలి గుర్తింపు ఆ విద్యా సంవత్సరానికి ఉన్నవో లేవో చూడవలెను. ఈ గుర్తింపు లేని చోట చదివితే పట్టా చేతికి వచ్చినా నర్సుగా నమోదు కావడం కష్టం. నమోదు లేనిదే ఉద్యోగం లేదు.

ప్రైవేటు కళాశాలలలో కన్వీనరు కోటాతో పాటు యాజమాన్య కోటా ఉంటుంది. ప్రభుత్వ రుసుము చెల్లింపు పథకాలు సాధారణంగా కన్వీనరు కోటాలో చేరిన, ఆదాయ పరిమితికి లోబడిన విద్యార్థులకే వర్తిస్తాయి. యాజమాన్య కోటాలో చేరి, ఆ తరువాత ప్రభుత్వం రుసుము చెల్లిస్తుందని ఎదురుచూసిన కుటుంబాలు అప్పులపాలైన ఉదంతాలు లేకపోలేదు. దళారులు చెప్పే మాట కంటె ప్రకటనలోని వాక్యమే ప్రమాణం. బెంగళూరు వంటి నగరాలలోని కళాశాలలకు పిల్లలను చేర్పించే దళారులు వేసవిలో జిల్లా కేంద్రాలలో తిరుగుతూ ఉంటారు. అక్కడ మంచి కళాశాలలు ఎన్నో ఉన్నవి గాని, ఆ రాష్ట్ర ఆరోగ్య విశ్వవిద్యాలయ జాబితాలో కళాశాల పేరును స్వయంగా చూడకుండా ముందస్తు సొమ్ము ఇవ్వరాదు.

జాతీయ స్థాయి సంస్థలు

అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలలో బి.యస్సీ. ఆనర్సు నర్సింగుకు వేరే ప్రవేశ పరీక్ష ఉన్నది. దీనికి ఇంగ్లీషుతో కలిపి 55 శాతం, ఎస్.సి., ఎస్.టి. వారికి 50 శాతం మార్కులు కావలెను. న్యూఢిల్లీ సంస్థలో ఈ సీట్లు మహిళలకే. పుదుచ్చేరిలోని జిప్మర్ నీట్ ర్యాంకును పరిగణిస్తుంది. సైనిక నర్సింగ్ సేవ కొరకు పుణె, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ, లక్నో, బెంగళూరులలోని ఆరు సైనిక వైద్య సంస్థలలో కూడ 2022 నుండి నీట్ ఆధారంగానే అవివాహిత యువతులను ఎంపిక చేస్తున్నారు. చదువు ఉచితం. ప్రతిగా సైన్యంలో నర్సింగ్ అధికారిగా పనిచేయుటకు ఒప్పంద పత్రం వ్రాసి ఇవ్వవలెను. చిత్తూరుకు దగ్గరలోని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల తన ప్రవేశాలను తానే నిర్వహిస్తుంది. వీటిలో దేనికీ రాష్ట్ర కౌన్సెలింగుతో సంబంధం లేదు, వేర్వేరుగా దరఖాస్తు చేయవలెను.

చదువు

2021–22 నుండి ఈ కోర్సు ఎనిమిది సెమిస్టర్లుగా నడుచుచున్నది. బోధన ఇంగ్లీషులో ఉంటుంది. మొదటి సెమిస్టరులోనే శరీర నిర్మాణ, ధర్మ శాస్త్రాలు, మనస్తత్వ శాస్త్రం, సమాజ శాస్త్రాలతో పాటు వ్యవహార ఇంగ్లీషు కూడ ఒక పాఠ్యాంశం. తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారికి మొదటి సంవత్సరం కష్టంగా తోచును. అయితే వార్డులో రోగితో మాట్లాడవలసినది తెలుగులోనే కనుక, అక్కడ వీరిదే పైచేయి. తరువాతి సెమిస్టర్లలో ఔషధ శాస్త్రం, వయోజనుల, శిశువుల, మానసిక రోగుల పరిచర్య, ప్రసూతి సేవలు, సామాజిక ఆరోగ్యం వస్తాయి. చివరి సెమిస్టరు అంతా ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. పరీక్షకు కూర్చొనుటకు 80 శాతం హాజరు కావలెను. పట్టా పొందుటకు ముందు ఆసుపత్రి శిక్షణలో నూరు శాతం హాజరు పూర్తిచేయవలెను. మానివేసిన డ్యూటీలను తరువాత చేసి తీరవలెను. కోర్సు మొత్తం ఎనిమిది సంవత్సరాలలోపు ముగించవలెను.

రిజిస్ట్రేషన్

పట్టా వచ్చిన తరువాత విద్యార్థి తన రాష్ట్ర నర్సింగ్ మండలిలో నర్సుగా, ప్రసూతి సేవికగా నమోదు చేసుకొనవలెను. దేశమంతటి నర్సుల వివరాలు ఒకచోట చేర్చుటకు భారత నర్సింగ్ మండలి ఏర్పరచిన జాతీయ పట్టికలో ప్రతి నర్సుకు విశిష్ట గుర్తింపు సంఖ్య ఇస్తారు. వేరే రాష్ట్రంలో చదివి వచ్చినవారు తిరిగి సొంత రాష్ట్రంలో పనిచేయదలచినచో ముందు చదివిన రాష్ట్రంలో నమోదై, అక్కడి నుండి నిరభ్యంతర పత్రం తెచ్చుకొనవలసి ఉంటుంది. ఈ పనికి నెలలు పట్టిన సందర్భాలు ఉన్నవి కనుక ప్రభుత్వ స్టాఫ్ నర్సు నియామకాలకు దరఖాస్తు చేయదలచినవారు ప్రకటన వచ్చేవరకు ఆగరాదు. విదేశాలకు వెళ్ళేవారు ఈ నమోదుతో పాటు ఆ దేశపు పరీక్షను కూడ ఉత్తీర్ణులు కావలెను. అమెరికాకు ఎన్‌క్లెక్స్, బ్రిటన్‌కు ఓ.ఈ.టి. లేదా ఐ.ఇ.ఎల్.టి.ఎస్. వంటి భాషా పరీక్ష, ఆపైన అక్కడి నర్సింగ్ మండలి నిర్వహించే నైపుణ్య పరీక్ష ఉన్నవి.